పట్టీలు ఎక్కిస్తే పికప్పు యాభై బస్తాలు మోస్తుందా?

ప్రశ్న: మేస్త్రీ గారికి నమస్కారం. మాది చోడవరం దగ్గర పల్లెటూరు. పద్నాలుగు నెలల క్రితం ఫైనాన్సులో పికప్పు తీసుకున్నాను. ఆర్సీలో ఖాళీ బరువు 1,700 కిలోలు, లోడుతో కలిపి 3,200 కిలోలు అని ఉంది. ఒక సిమెంటు షాపు ఆయన పాడేరుకు లోడు ఇస్తున్నారు. ట్రిప్పుకు 4,000 రూపాయలు. మొదట్లో 30 బస్తాలు వేసేవాళ్లు. ఇప్పుడు 50 వేయమంటున్నారు, కిరాయి మాత్రం అంతే. కుదరదంటే వేరే బండి చూసుకుంటామంటున్నారు. తిరిగి వచ్చేటప్పుడు అల్లం, పసుపు బస్తాలు దొరికినన్ని వేసుకుని దిగుతాను. వెనక బాగా కుంగిపోతోంది. కమాన్‌కు (వెనక ఇరుసు మీద బండిని మోసే ఉక్కు పట్టీల స్ప్రింగుకు) రెండు పట్టీలు ఎక్కించి, పది ప్లై గట్టి టైర్లు వేస్తే ఇంక ఢోకా లేదని మా బావ అంటున్నాడు. మా లైన్లో అందరూ ఇలాగే తిప్పుతున్నారు. ఎక్కించమంటారా? ఇంకో మాట, ఘాట్ దిగేటప్పుడు వెనక నుంచి కాలిన వాసన వస్తోంది. అది మామూలేనా?
- ఒక పికప్పు డ్రైవరు, అనకాపల్లి జిల్లా

జవాబు: తమ్ముడూ, పట్టీల గురించి పది లైన్లు రాసి, వాసన గురించి చివర్లో ఒక్క ముక్క రాశావు. నేను ఆ వాసన దగ్గర్నుంచే మొదలుపెడతాను. అది మామూలు కాదు. చక్రంతో తిరిగే ఇనుప డ్రమ్మును లోపల్నుంచి ఒరుసుకుని ఆపే నీ బ్రేకు లైనర్లు కాలుతున్నాయి.

పాడేరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఘాట్ దిగి మాడుగుల వైపు మైదానంలోకి వచ్చేసరికి నీ బండి దాదాపు 800 మీటర్ల ఎత్తు దిగుతుంది. పైకి ఎక్కడానికి డీజిలు కాల్చి కూడబెట్టిన శక్తంతా దిగేటప్పుడు ఎక్కడో ఒకచోట ఖర్చు కావాల్సిందే. కొంత గాలికి, కొంత టైర్ల రాపిడికి పోతుంది. గేరులో దిగితే ఇంజను కొంత మింగుతుంది. మిగిలిందంతా బ్రేకుల్లో వేడిగా మారుతుంది. 3,200 కిలోల బండి 800 మీటర్లు దిగితే వచ్చే శక్తి ఎంతంటే, దాంతో ఎనభై అయిదు లీటర్ల నీళ్లు మరిగించవచ్చు. తిరుగు లోడు కూడా యాభై సిమెంటు బస్తాలంత బరువు వేసుకుని దిగితే నీ బండి 4,500 కిలోలు తూగుతుందని నా అంచనా (ఆ లెక్క కింద చెబుతాను). అప్పుడది నూట ఇరవై లీటర్లు అవుతుంది. పెళ్లివారి కాగులో నీళ్లు కాగాలంటే పొయ్యి కింద ఎంతసేపు కట్టెలు మండాలో నీకు తెలుసు. ఆ వేడిలో పెద్ద వాటా నాలుగు చక్రాల దగ్గరున్న కాసింత ఇనుము మీద, అదీ అరగంటలో పడుతోంది.

డ్రమ్ము వేడెక్కితే పెద్దదవుతుంది, లైనరు దానికి అందడానికి ఇంకాస్త దూరం జరగాలి. లైనరు కాలితే పట్టు తగ్గుతుంది. నువ్వు ఇంకా గట్టిగా తొక్కుతావు, ఇంకా వేడెక్కుతుంది. అంతవరకు ఫర్వాలేదు, బండి చెబుతూనే ఉంటుంది, పెడలు బిగుసుకుంటుంది, వాసన వస్తుంది. చెప్పకుండా వచ్చే ప్రమాదం ఇంకొకటి ఉంది. అది బ్రేకు ఆయిలు మరగడం. డాట్ 3 రకం బ్రేకు ఆయిలు కొత్తగా పోసినప్పుడు 205 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అలా తేమ పట్టాక 140 డిగ్రీల దగ్గరే మరగవచ్చు. మరిగితే పైపులో ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిలును నొక్కితే చక్రం దాకా ఒత్తిడి పోతుంది. బుడగను నొక్కితే బుడగే నలుగుతుంది. అప్పటిదాకా పట్టిన పెడలు ఒక్క మలుపు దగ్గర నేలకు ఆనుకుపోతుంది. మా షెడ్డుకు అలా వచ్చిన ఒక కుర్రాడి బండి నాకింకా గుర్తుంది. కొండ వైపు కాలవలోకి చక్రాలు దించి, గోడకు రాసుకుంటూ ఆపుకున్నాడు. ఎడమ పక్క తలుపుల దగ్గర్నుంచి టెయిల్ లైటు దాకా రేకు మొత్తం ఊడి వచ్చింది. లోయ వైపు తిప్పలేదు కాబట్టి బిల్లు కట్టడానికి తనే వచ్చాడు.

ఇక్కడే ఒక మాట అడగాలి. నువ్వు న్యూట్రల్‌లో గానీ దిగుతున్నావా? ఉత్తరంలో రాయలేదు. చాలామందికి డీజిలు మిగులుతుందని ఆ అలవాటు ఉంటుంది. ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లకు ఆ లెక్క తప్పు. గేరులో ఉండి, కాలు యాక్సిలేటర్ మీద లేకుండా దిగుతుంటే ఇంజనులోకి డీజిలు పడనే పడదు. న్యూట్రల్‌లో వేస్తే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి డీజిలు తాగుతూనే ఉంటుంది. అంటే డీజిలూ పోయే, ఇంజను బ్రేకూ పోయే. ఇంజను ఆపేసి దిగేవాళ్లు ఇంకా మహానుభావులు. రెండు మూడుసార్లు తొక్కేసరికి బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ అయిపోయి పెడలు రాయిలా బిగుసుకుంటుంది, స్టీరింగూ బరువెక్కుతుంది.

ఇక మీ బావ చెప్పిన పట్టీల సంగతి. నా చేతులతో నేనే వందల బళ్లకు పట్టీలు ఎక్కించాను, కాబట్టి ఇది నీతులు చెప్పే ముఖం కాదు. పట్టీ ఎక్కిస్తే బండి కుంగడం తగ్గుతుంది. అంతే. బరువు తగ్గదు. ఇన్నాళ్లూ కుంగి నీకు చెబుతున్న బండి నోరు మూయించడమే అది. ఇరుసు హౌసింగు అదే, హబ్బు బేరింగులు అవే, డ్రమ్ములు అవే, క్లచ్ ప్లేటు అదే, ఛాసిస్ అదే. ఓవర్‌లోడు పికప్పుల్లో ఛాసిస్ ముందుగా పగుళ్లు ఇచ్చేది సాధారణంగా క్యాబిన్ వెనక, బాడీ మొదలయ్యే చోట. మట్టి కడిగి చూస్తే తలవెంట్రుకంత గీత కనిపిస్తుంది. దాన్ని వెల్డింగు చేయించుకుని వెళ్లిపోతారు, ఆర్నెల్లకు ఆ వెల్డింగు పక్కనే ఇంకో గీత.

పట్టీలతో ఇంకో చిక్కు ఉంది, ఇది చాలామంది మేస్త్రీలకు కూడా పట్టదు. చాలా పికప్పుల్లో వెనక ఇరుసు మీద ఒక చిన్న వాల్వు, దానికొక కడ్డీ ఉంటాయి. బండి ఎంత కుంగిందో ఆ కడ్డీ వాల్వుకు చెబుతుంది. ఎక్కువ కుంగితే లోడు ఉందని వెనక చక్రాలకు బ్రేకు ఎక్కువ ఇస్తుంది. కుంగకపోతే ఖాళీ బండి అనుకుని, వెనక చక్రాలు జారకుండా బ్రేకు తగ్గిస్తుంది. ఇప్పుడు పట్టీలు ఎక్కించి, తిరుగు లోడు కూడా యాభై సిమెంటు బస్తాలంత బరువు వేశావనుకో. బండి కుంగలేదు, వాల్వు దాన్ని ఖాళీ బండి అనుకుంటుంది. రెండున్నర టన్నులు వెనక పెట్టుకుని ఖాళీ బండి బ్రేకుతో ఘాట్ దిగుతావు. మీ బావను కిందికి వంగి ఆ కడ్డీ చూడమను.

టైర్లు సరే. టైరు పక్కగోడ మీద సైజు తర్వాత ఒక అంకె ఉంటుంది, 104, 106, 108 అని. 104 అంటే ఒక టైరు మోయగలిగేది 900 కిలోలు, 106 అంటే 950, 108 అంటే 1,000. అదీ గాలి సరిగ్గా ఉన్నప్పుడు. పికప్పులో లోడు ఎక్కువ భాగం వెనక ఇరుసు మీదే పడుతుంది. యాభై బస్తాలతో నీ వెనక టైరు ఒక్కోదాని మీద 1,400 కిలోలకు తక్కువ పడదు. పది ప్లై వేస్తే టైరు కాస్త తట్టుకోవచ్చు. రిమ్ముకూ ఒక లెక్క ఉంది, దాన్ని ఎవరూ అడగరు. టైరు గట్టిదైనంత మాత్రాన దాన్ని ఆపే డ్రమ్ము పెద్దదవదు.

"కంపెనీవాళ్లు మార్జిన్ పెట్టుకునే రాస్తారు, అంతకు డబుల్ మోస్తుంది" అని మీ లైన్లో ఎవరో ఒకరు అని ఉంటారు. మార్జిన్ ఉన్న మాట నిజం. అది సిమెంటు బస్తాల కోసం పెట్టింది కాదు, గోతుల కోసం పెట్టింది. చక్రం గోతిలో పడి లేచినప్పుడు ఆ క్షణంలో ఇరుసు మీద పడే దెబ్బ మామూలు బరువుకు రెట్టింపు దాటగలదు. ఆ దెబ్బ కాచుకోవడానికి దాచిన జాగాను ముందే బస్తాలతో నింపేస్తే, గొయ్యి వచ్చినప్పుడు బండి దగ్గర ఇంకేం మిగలదు. ఎక్కేటప్పుడు మలుపులో బండి ఆగిపోతే, నీ క్లీనరు చెక్క దిమ్మ పట్టుకుని దూకుతాడా లేదా? దూకుతాడు కదా. అంటే మార్జిన్ అయిపోయిందని అతనికి తెలుసు.

ఇప్పుడు 4,500 లెక్క. ఆర్సీలో 1,700 నుంచి 3,200 అంటే లోడు 1,500 కిలోలు, 50 కిలోల బస్తాలు 30 అని నువ్వూ, షాపాయనా అనుకున్నారు. చట్టం ప్రకారం ఖాళీ బరువులో డ్రైవరు, క్లీనరు ఉండరు. మీ ఇద్దరూ కలిపి 130 కిలోలు. నువ్వు తర్వాత కట్టించుకున్న ఇనుప కమ్మీల బాడీ ఉంటే (ఈ లైన్లో లేని బండి నేను చూడలేదు) అది వంద, నూట ఇరవై. తాడు, తాటిపత్రి, జాకీ, నీళ్ల డబ్బా, దిమ్మలు కలిపి యాభై. అన్నీ కలిపితే దగ్గర దగ్గర 300. మిగిలేది 1,200, అంటే 24 బస్తాలు. నువ్వు బుద్ధిగా వేశాననుకున్న 30 బస్తాలే 300 కిలోలు ఎక్కువ. యాభై వేస్తే 1,300 ఎక్కువ.

నా అంకెలు నమ్మకు. కాటా వేయించు. ముందు ఖాళీ బండి, ట్యాంకు నిండా డీజిలు, మీ ఇద్దరూ లోపల కూర్చుని. తర్వాత లోడుతో ఒకసారి. మూడోది, ముందు చక్రాలు కాటా దాటించి వెనక చక్రాలు మాత్రమే పళ్లెం మీద ఉంచి ఇంకొకసారి. వెనక ఇరుసు మీద ఎంత పడుతోందో ఆ మూడో చీటీ చెబుతుంది. కాటా అబ్బాయి విసుక్కుంటే టీ డబ్బులివ్వు.

మాటల్లో మాట, నువ్వు సిమెంటు ఒక్కటే కాదు, ముందు ముందు ఇసుక, చువ్వలు కూడా వేస్తావు. కంటితో చూసి బరువు చెప్పలేం. గడ్డి మోపులు క్యాబిన్ మీద ఇంకో క్యాబిన్ ఎత్తు వేసినా టన్ను దాటకపోవచ్చు. తొమ్మిది అడుగుల పొడవు, అయిదున్నర వెడల్పు ఉన్న తొట్టిలో పొడి ఇసుక ఒక్క అడుగు ఎత్తు పోస్తే చాలు, రెండు టన్నులు దాటుతుంది. నీళ్లు కారుతున్న ఇసుకైతే ఇంకా ఎక్కువ. చూసేవాడికి బండి సగం ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. చువ్వల్లో బరువు కంటే అది ఎక్కడ పడుతోందన్నది ముఖ్యం. వెనక ఇరుసుకు మీటరు అవతల 300 కిలోలు వేలాడిందనుకో, ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య మూడు మీటర్లున్న బండిలో ముందు చక్రాల మీద 100 కిలోలు తేలిపోతాయి, వెనక 400 పడతాయి. స్టీరింగు తిప్పితే బండి తిరిగీ తిరగనట్టు ఉంటుంది. సిమెంటులో కూడా అంతే, కలాసీలు దించుకోవడానికి వీలుగా వెనక డోరు దగ్గర వరసలు పేర్చేస్తారు. క్యాబిన్ వైపు నుంచి, అడుగున పరిచినట్టు వేయించుకో.

డబ్బు సంగతికి వద్దాం. నీ ఉత్తరంలో అసలు సమస్య అదే, కమాన్ కాదు. ఒక బండికి 24 బస్తాలు న్యాయం. యాభై బస్తాలంటే దాదాపు రెండు పికప్పుల లోడు (రెండిట్లో కలిపి 48 పడతాయి), లేదా ఇంకా పెద్ద బండి ఒకటి కావాలి. రెండు పికప్పులైతే షాపాయన 8,000 ఇవ్వాలి. ఇప్పుడు 4,000 ఇస్తున్నాడు. ప్రతి ట్రిప్పుకు ఆయనకు మిగిలే నాలుగు వేలు ఎక్కడి నుంచి వస్తున్నాయి? నీ క్లచ్ ప్లేటు నుంచి, నీ టైర్ల నుంచి, నీ ఛాసిస్ నుంచి, ఘాట్లో నీ పెడలు కింద ఉన్న ఆ కాస్త ఆయిలు నుంచి. నీకు అదనంగా వస్తున్నది సున్నా. ఎక్కువ లోడుకు ఎక్కువ కిరాయి తీసుకుని రిస్కు చేసేవాళ్లను చూశాను, అది ఆశ అనుకోవచ్చు. రూపాయి ఎక్కువ రాకుండా రిస్కు చేయడాన్ని ఏమనాలో నాకు మాట దొరకడం లేదు. పైగా పట్టీలు, పది ప్లై టైర్లు నువ్వే సొంత డబ్బులతో కొని ఆయన సిమెంటు మోస్తానంటున్నావు.

ఇక పట్టుకుంటే ఏమవుతుందో కూడా విను. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్, 2019 సెప్టెంబరు నుంచి: ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000, ఎక్కువ సరుకు దించే ఖర్చు అదనం. దించే దాకా బండి కదలనివ్వకూడదు. పాడేరు రోడ్డు మీద వర్షంలో 26 బస్తాల సిమెంటు దించితే అది ఎవరిదో ఆలోచించు. షాపాయన నీ కిరాయిలోంచే కోస్తాడు. కాటా వేయడానికి ఆపమంటే ఆపకుండా పోతే 40,000. బండి నడిపినవాడితో పాటు నడిపించినవాడికి కూడా ఇది వర్తిస్తుందనే చట్టంలో ఉంది, కానీ రోడ్డు మీద దొరికేది నువ్వు, షాపులో గల్లా దగ్గర కూర్చున్న ఆయన కాదు. ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 52వ సెక్షన్ వేరే ఉంది.

ఇన్సూరెన్సు ఉంది కదా అనుకోకు. ఓవర్‌లోడు ఉన్నప్పుడు బండి దెబ్బతింటే కంపెనీలు పూర్తి క్లెయిము ఇవ్వకుండా, ఇవ్వాల్సిన దాంట్లో 75 శాతం మించకుండా పరిష్కరించే పద్ధతి ఒకటి ఉంది, 2010లో సుప్రీంకోర్టు తీర్పులో కూడా అది ప్రస్తావనకు వచ్చింది. మిగతా పాతిక నీ జేబులోంచే. ఎంత లోడు ఉందో వాళ్లకెలా తెలుస్తుందంటావా, షాపాయన ఇచ్చిన బిల్లు నీ డ్యాష్ బోర్డులోనే ఉంటుంది, 50 బస్తాలు అని అచ్చుగా రాసి. దిగేటప్పుడు అల్లం బస్తాల మీద ఊళ్లోవాళ్లను కూర్చోబెట్టుకుంటావా? సరుకు యజమానో, ఆయన మనిషో అయితే ఒక లెక్క. దారిలో చెయ్యెత్తారని ఎక్కించుకున్నవాళ్లకు ఆ పాలసీ పనికిరాదు. సంతరోజు కాదనడం కష్టమని నాకూ తెలుసు.

ఏం చేయాలంటావా. షాపాయనతో ట్రిప్పు బేరం మానేసి బస్తా బేరం మాట్లాడు. ట్రిప్పు బేరంలో ఎన్ని ఎక్కువ వేస్తే ఆయనకు అంత లాభం, బస్తా బేరంలో ఆ ఆశ ఉండదు. 24కు 4,000 అంటే బస్తాకు 167 పడుతుంది, అంత ఇవ్వడు. తిరుగు లోడు నీకు ఉంది కాబట్టి 130, 140 దగ్గర తెగినా నష్టం రాదు. పాడేరు రానూపోనూ నూట ఇరవై కిలోమీటర్లు, ఘాట్లో లీటరుకు తొమ్మిది వచ్చినా డీజిలు పదమూడు, పద్నాలుగు లీటర్లు. ఆ లెక్క కాగితం మీద వేసి ఆయన ముందు పెట్టు. నీలాగే పికప్పు ఉన్నవాడు మీ లైన్లో ఇంకొకడు ఉంటాడు, ఇద్దరూ కలిసి వెళ్లి "నలభై ఎనిమిది మేం వేస్తాం, రెండు బళ్లలో" అనండి. ఒక్కడు అంటే వేరే బండి చూసుకుంటాడు. ఇద్దరంటే ఆలోచిస్తాడు. అప్పటికీ కాదంటే పోనీ. కిస్తీ నెలకు ఎంతో రాయలేదు నువ్వు, కాబట్టి వదిలేయమని ఇక్కడ కూర్చుని చెప్పడం తేలికే. కానీ ఆ లోడు పోతే బరువు తక్కువ, జాగా ఎక్కువ పట్టే సరుకు వెతుక్కో. ఖాళీ క్రేట్లు, ఫర్నిచరు, ప్లాస్టిక్ ట్యాంకులు, గడ్డి. నీ తొట్టి నిండుతుంది, కమాన్ నిండదు.

ఈలోగా ఈ వారంలో చేయాల్సినవి. బ్రేకు ఆయిలు మొత్తం తీయించి కొత్తది పోయించు, డబ్బా మీద కంపెనీ చెప్పిన రకమేనా చూసుకుని. ఏళ్ల తరబడి మార్చనివాళ్లే ఎక్కువ, రెండేళ్లకోసారైనా మార్చాలి. నాలుగు చక్రాలూ విప్పించి లైనర్లు చూపించు. నల్లగా గాజులా మెరుస్తుంటే అవి కాలినవే, గీకించి మళ్లీ వేయించుకోకు, మార్చు. డ్రమ్ములో నీలం రంగు మచ్చలు, సన్న పగుళ్లు ఉంటే డ్రమ్ము కూడా.

దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు, మలుపులో కాదు, దిగుడు మొదలవకముందే వేసుకో. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకు. గట్టిగా ఒకసారి తొక్కి వేగం తగ్గించి వదిలెయ్, చక్రానికి గాలి తగలనివ్వు, మళ్లీ తొక్కు. వాసన వస్తే జాగా చూసి ఆపు. డ్రమ్ముల మీద నీళ్లు మాత్రం పోయకు, పగుళ్లిస్తాయి. అరగంట కూర్చుంటే అవే చల్లారతాయి, అప్పటిదాకా టీ తాగు. ఒకవేళ పెడలు దిగిపోతే, పంపు కొట్టినట్టు టకటకా తొక్కుతూ ఒక్కొక్క గేరు కిందికి దించు, హ్యాండు బ్రేకు కొంచెం కొంచెంగా లాగు, హారన్ వదలకు, కొండ వైపు కాలవ చూసుకో.

పట్టీలు మాత్రం ఎక్కించకు. మీ బావతో నేను వద్దన్నానని చెప్పు. కాదంటే కాటా చీటీలు మూడూ ఫొటో తీసి పంపు, వెనక టైరు మీదున్న అంకె కూడా రాసి. వాల్వు కడ్డీ ఫొటో కూడా తీయగలిగితే మరీ మంచిది, ఇప్పటికే ఎవరో దాన్ని తీగతో కట్టేసి ఉంటారని నాకు అనుమానం.